నిలబడి చెప్పాల్సిన మాట

మా ఇంటి బేస్‌మెంట్‌లో ఒక నియమం ఉంది. టీమ్‌లో ఫలానా ఆటగాణ్ణి ఉంచాలి అనేవాళ్ళు ఎలాగైనా చెప్పవచ్చు. సోఫాలో పడుకుని చెప్పవచ్చు, నోట్లో మిరపకాయ బజ్జీ పెట్టుకుని చెప్పవచ్చు. తీసెయ్యాలి అనేవాళ్ళు మాత్రం లేచి నిలబడి చెప్పాలి. చెప్పి ఊరుకుంటే సరిపోదు, అడిగిన ప్రతిదానికీ జవాబివ్వాలి. పెద్దాయన "కూర్చో" అనేదాకా కూర్చోకూడదు. ఆయన "కూర్చో" అన్నారంటే ఒప్పుకున్నారని కాదు, విన్నారని.

కొత్తగా వచ్చినవాళ్ళు ఈ నియమం విని నవ్వుతారు. నవ్వనీండి. మేముండే నేపర్‌విల్‌లో ఏ తెలుగువాళ్ళ బేస్‌మెంట్‌కి దిగినా ఓ పెద్ద టీవీ, పైన డ్రాయింగ్ రూమ్‌లోంచి కిందికి తరిమేసిన పాత సోఫా, గోడకి ఆనించిన పింగ్‌పాంగ్ బల్ల కనపడతాయి. మా దగ్గరా అవే ఉన్నాయి. ఈ నియమం మాత్రం ఇంకెవరి దగ్గరా లేదు. దాని సంగతి చెప్పేటప్పుడు నా గొంతు కాస్త పెరుగుతుంది. మా ఆయన "మెల్లిగా" అంటారు. నేనెందుకు మెల్లిగా చెబుతాను?

మేం చూసేది సిటీలో ఆడే బేస్‌బాల్ టీమ్. దాని పేరు చెప్పను. చెబితే సగంమంది నాతో మాటలు మానేస్తారు, మిగతా సగం నన్ను చూసి జాలిపడతారు. కొన్నేళ్ళుగా అది ఓడిపోవడమే పనిగా పెట్టుకుంది. ప్రతి ఏప్రిల్‌లో ఈసారి బాగుంటుందని అనుకుంటాం. జూన్ వచ్చేసరికి గెలుపు మాట వదిలేసి, ఎవణ్ణి ఉంచాలి, ఎవణ్ణి పంపాలి, ఎవరి కాంట్రాక్టు శుద్ధ దండగ అనే చర్చలోకి దిగుతాం. నిజం చెప్పొద్దూ, ఆట కంటే ఆ చర్చే రుచిగా ఉంటుంది. ఆదివారం మధ్యాహ్నం ఆట మొదలవకముందే మావాళ్ళు టీమ్ యజమానినీ మేనేజర్నీ చీల్చి చెండాడేస్తారు.

మావాళ్ళంటే ఎక్కువమందేం కాదు. మా ఆయన ఉన్నారు, ఇల్లు కాలిపోతున్నా "పోనీలే" అనే మనిషి. మెడికల్ కాలేజీ రోజుల నుంచీ ఆయన స్నేహితుడైన గుండె డాక్టరు ఉన్నాడు. పేషెంట్లకి ఉద్రేకపడొద్దని చెప్పి, ఇక్కడికొచ్చి తను ఊగిపోతుంటాడు. వరంగల్ నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ తమ్ముడు ఉన్నాడు, మా అందరికంటే చిన్నవాడు, క్రికెట్‌లోంచి బేస్‌బాల్‌కి మారినవాడు. కొత్తగా మారినవాళ్ళకుండే వీరావేశం ఇంతా అంతా కాదు. వీళ్ళందరి మీదా పెద్దాయన.

పెద్దాయన మాకు చుట్టం కాదు. తెనాలి వైపు మనిషి, మెకానికల్ ఇంజనీరు, మాకంటే చాలా ముందు ఈ దేశం వచ్చారు. నేను అన్నయ్యగారూ అంటాను, ఆయన భార్యని వదినగారూ అంటాను. కందిపప్పు కోసం సిటీ అంతా గాలించిన కాలం నాటివాళ్ళు. ఆయన పని యంత్రాలు తయారుచేసే ఫ్యాక్టరీలో. మధ్యాహ్నం భోజనాల దగ్గర తోటివాళ్ళు రేడియో పెట్టుకుని బేస్‌బాల్ వినేవారట. ఈయన పెరుగన్నం డబ్బా తెరుచుకుని వాళ్ళ పక్కన కూర్చుని, అది ఎందుకు, ఇది ఎందుకు అని అడిగి అడిగి ఆట నేర్చుకున్నారు. మా అందరికీ నేర్పింది ఆయనే.

నియమం పుట్టింది కూడా ఆయన వల్లే. ఓ ఆదివారం గుండె డాక్టరు సోఫాలో వెల్లకిలా పడుకుని, పొట్ట మీద చిప్స్ గిన్నె పెట్టుకుని, బంతి వదిలేసిన ఒక ఆటగాణ్ణి చూసి "వీణ్ణి పీకేస్తే పీడా పోతుంది" అన్నాడు. రోజూ అందరూ అనే మాటే. పెద్దాయన రిమోట్ తీసుకుని టీవీ నోరు నొక్కేశారు.

"ఆ మాట లేచి నిలబడి చెప్పు డాక్టరూ," అన్నారు.

గుండె డాక్టరు నవ్వబోయాడు. పెద్దాయన ముఖం చూసి మానేశాడు. అప్పుడు చెప్పారు, తనని ఫ్యాక్టరీలోంచి తీసేసిన రోజు సంగతి. పిల్లలు కాలేజీలకి వచ్చిన సమయం. ఓ గదిలోకి పిలిచారట. బల్ల చుట్టూ మనుషులు కూర్చుని ఉన్నారట, అందులో ఈయన దగ్గర పని నేర్చుకున్నవాళ్ళూ ఉన్నారట. ఈయనకి కుర్చీ చూపించినవాడు లేడు. మధ్యలో కూర్చున్నవాడు కాఫీ తాగుతూ, తలెత్తకుండా, రెండు ముక్కల్లో చెప్పేశాడట. తర్వాత ఇంకో ఉద్యోగం దొరికింది, పిల్లల చదువులూ అయ్యాయి, ఆ బాధ ఏమీ లేదు అన్నారు పెద్దాయన. కానీ ఒక మనిషిని పనిలోంచి తీసేసే మాట కాళ్ళ మీద లేవకుండా ఎలా చెబుతారో ఈనాటికీ తనకి అర్థం కాదన్నారు.

గుండె డాక్టరు లేచి నిలబడ్డాడు. చిప్స్ కార్పెట్ నిండా పడ్డాయి. నిలబడ్డాక పాపం ఆ ఆటగాణ్ణి ఎందుకు పీకెయ్యాలో ఒక్క కారణమూ తట్టలేదు. "ఉండనిద్దాంలెండి వాణ్ణి" అని గొణిగాడు. పెద్దాయన "కూర్చో" అన్నారు. ఆనాటి నుంచీ మా బేస్‌మెంట్‌లో అదే పద్ధతి. పడుకుని టీమ్ మొత్తాన్ని ఇంటికి పంపేసే మహానుభావులు, నిలబడమంటే ఒకణ్ణి కూడా పంపలేకపోయేవారు.

నా చోటు మెట్ల మీద. వంటింట్లోంచి కిందికి దిగే మెట్ల మధ్యలో కూర్చుంటాను. పైన నూనె కాగిందో లేదో ముక్కుకి తెలుస్తుంది, కింద ఎవరేం వాగుతున్నారో చెవికి తెలుస్తుంది. నేను పిల్లల డాక్టరుగా చేసి రిటైరయ్యాను. బతుకంతా ఏడ్చే పిల్లలకీ, వాళ్ళకంటే ఎక్కువ ఏడ్చే తల్లులకీ సర్దిచెప్పినదాన్ని. ఆదివారం కూడా సర్దిచెప్పే ఓపిక నాకు లేదు. కోపం నా ముక్కు మీదే ఉంటుంది. తెలివితక్కువ మాట వినపడితే మెట్ల మీంచే కడిగేస్తాను.

మా అమ్మాయి చోటు మాత్రం చిన్నప్పటినుంచీ కిందే, కార్పెట్ మీద, పెద్దాయన కాళ్ళ దగ్గర. మిగతా పిల్లలు పింగ్‌పాంగ్ బల్ల చుట్టూ కొట్టుకు చస్తుంటే ఇది గడ్డం కింద చేతులు పెట్టుకుని టీవీకి అతుక్కుపోయేది. "బంతిని చూడకు తల్లీ, బంతిని అందరూ చూస్తారు. పిచర్ మోచెయ్యి చూడు," అని ఆయన నేర్పేవారు. పిచర్ అంటే బంతి విసిరేవాడు, ఆట సగం వాడి చేతిలోనే ఉంటుంది. అలసిపోయిన పిచర్ ముఖం ఎంత బింకంగా పెట్టినా మోచెయ్యి కిందికి దిగిపోతుందని ఆయన సిద్ధాంతం. వేసవి సెలవుల్లో దాన్ని రైలెక్కించి సిటీకి ఆటకి తీసుకెళ్ళేవారు. తిరిగొచ్చేసరికి ఎండకి కందిపోయిన ముఖం, బట్టల మీద ఆవాల సాస్ మరకలు, నోటి నిండా కబుర్లు. మా వైపు తాతలూ, మా ఆయన వైపు తాతలూ దానికి ఫోన్‌లో గొంతులు మాత్రమే. చెయ్యి పట్టుకుని నడిపించిన తాత ఈయనే.

ఆ పిల్ల పెరిగి పెద్దదై, స్టాటిస్టిక్స్ చదివి, అదే టీమ్ ఆఫీసులో ఉద్యోగం సంపాదించుకుంది. ఆటగాళ్ళ ఆటనీ ఒంటినీ గమనించి, లెక్కలు కట్టి, ఎవరిని ఉంచుకుంటే ఏమవుతుందో పై వాళ్ళకి చెప్పే ఉద్యోగం. నేను ఊరంతా టముకు వేశాను. కానీ మావాళ్ళతో ఒక చిక్కుంది. వాళ్ళకి లాప్‌టాప్ ఉన్న ప్రతి ఉద్యోగమూ ఐటీయే. గుండె డాక్టరు "ఓహో, వాళ్ళ ఐటీలోనా" అన్నాడు. తమ్ముడు ఏ సాఫ్ట్‌వేర్ వాడతారని అడిగాడు. ఐటీ కాదు మొర్రో అని నేను మెట్ల మీంచి మొత్తుకున్నాను, ఎవరి చెవికీ ఎక్కలేదు. పెద్దాయన కూడా అది ఆఫీసులో కంప్యూటర్లు బాగుచేస్తుందనే అనుకున్నారు. "మన టీమ్‌కి కంప్యూటర్లన్నా సరిగ్గా పనిచేస్తున్నాయి, మా పిల్ల పుణ్యమా అని" అని అందరితో చెప్పి మురిసిపోయేవారు. అమ్మాయి నవ్వి ఊరుకునేది. అందుకే మావాళ్ళంతా టీమ్ ఆఫీసువాళ్ళని దాని ఎదుటే బండబూతులు తిట్టేవారు. అవి వెళ్ళి దానికి తగులుతాయని ఒక్కరికీ తోచలేదు.

ఆ టీమ్‌లో ఒక ఎడమచేతి పిచర్ ఉండేవాడు. ఎంత ఓడినా, అతను బంతి పట్టిన రోజు మాకు పండగే. కుర్రవాడిగా వచ్చాడు, ఇక్కడే గడ్డం నెరిసింది. మా అమ్మాయి చిన్నప్పుడు పెద్దాయనతో ఆటకి వెళితే, కంచె దాకా వచ్చి దాని గ్లవ్ మీద సంతకం పెట్టి, పేరు అడిగి, రెండుసార్లు పలికి చూసుకుని వెళ్ళాడట. ఆ గ్లవ్ ఇప్పటికీ మేడ మీద దాని గదిలోనే ఉంది, దుమ్ము దులపడానికి కూడా నన్ను ముట్టుకోనివ్వదు.

మొన్నటి వేసవి ఆటలతో అతని కాంట్రాక్టు ముగియాల్సి ఉంది. దాన్ని ఇంకొన్నేళ్ళు పొడిగించాలా, లేక జులై చివర్లో ఆటగాళ్ళని మార్చుకునే గడువులోపు ఇంకో టీమ్‌కి ఇచ్చేసి బదులుగా కుర్రవాళ్ళని తెచ్చుకోవాలా? వేసవంతా మా బేస్‌మెంట్‌లో ఇదే రామాయణం. గుండె డాక్టరు కళ్ళు మూసుకుని ఉంచాలన్నాడు. మా ఆయన ఏదైనా పోనీలే అన్నారు. తమ్ముడొక్కడే ధైర్యం చేసి లేచాడు. "ఎట్లైనా ఓడుతనే ఉన్నం అంకుల్. ఆయన్ని ఇచ్చి ఇద్దరు పోరగాళ్ళని తెచ్చుకుంటే రేపటికన్న పనికొస్తరు" అన్నాడు. పెద్దాయన అతన్ని ప్రశ్నలతో ఉతికి ఆరేశారు. ఇన్నేళ్ళు ఈ ఊరికి చెయ్యి అరగదీసుకున్నవాడు ఈ ఊళ్ళోనే ఆట ముగించాలి, అంతే, అన్నారు. తమ్ముడి మోకాళ్ళు పీకాక కూర్చోమన్నారు. అది ఒక్క పిచర్ గురించిన పట్టుదల కాదని మా అందరికీ తెలుసు, అందుకే ఎవరూ ఎదురు చెప్పలేదు. అమ్మాయి ఆ ఆదివారాలు కొన్నింటికి వచ్చింది. కార్పెట్ మీద కూర్చుని టీవీ చూసింది గానీ, ఎప్పట్లా గలగలా మాట్లాడలేదు. ఆఫీసు అలసటనుకున్నాను.

జులై ఆఖర్లో ఆ పిచర్ని పంపేశారు. పడమటి తీరంలో బాగా గెలుస్తున్న టీమ్‌కి ఇచ్చి, ఇద్దరు కుర్రవాళ్ళని తెచ్చుకున్నారు. పెద్దాయన ఆ రోజు అన్నం ముట్టలేదని వదినగారు ఫోన్ చేసి చెప్పారు.

ఆ శనివారం అమ్మాయి సిటీ నుంచి వచ్చింది. ఇంటికొచ్చాక, నేను మర్నాటికి పునుగుల పిండి కలుపుతుంటే, వంటింటి బల్ల దగ్గర కూర్చుని మొత్తం చెప్పింది. ఆ పిచర్ విషయంలో తనని కూడా మీటింగ్‌కి పిలిచి అడిగారట. పంపెయ్యమని చెప్పినవాళ్ళలో తనూ ఉందట. నీ మాట విన్నాకే మనసు మార్చుకున్నానని వాళ్ళ బాస్ తర్వాత అన్నాడట.

"రేపు అంకుల్‌కి చెప్పాలి మమ్మీ," అంది.

భయమేస్తే నాకు కోపమే వస్తుంది. నీకేం పోయేకాలం, ఐటీ అనుకుంటున్నారుగా, అనుకోనీ, అన్నాను. ఐటీ కాదని ఏళ్ళ తరబడి మొత్తుకున్న నోటితోనే అన్నాను. ఆ ముసలాయన అసలే అన్నం మానేసి కూర్చున్నాడు, ఇప్పుడు నువ్వెళ్ళి పుండు మీద కారం చల్లకు అన్నాను. అది అన్నీ విని తల అడ్డంగా ఊపింది.

"ఆయన కింద కూర్చుని మా ఆఫీసువాళ్ళని తిడుతుంటే నేను పక్కన కూర్చుని పునుగులు తినాలా? నేను చెయ్యలేను మమ్మీ. ఆయన నాతో మళ్ళీ మాట్లాడకపోతే..." అని ఆగిపోయింది. కళ్ళు తుడుచుకుని, "అయినా చెప్పాలి," అంది.

ఇంక నేనేం అంటాను? దానికి పోయేదేమిటో నాకు తెలుసు. ఉద్యోగం పోదు, ఊరు పోదు. ఉన్న ఒక్క తాతా పోతాడు. పిండి గిన్నె ఫ్రిజ్‌లో పెట్టేసి దాని తల నిమిరాను. చెయ్యి కడుక్కోలేదని అరిచింది.

ఆదివారం పెద్దాయన టీమ్ టోపీ లేకుండా వచ్చారు. వదినగారు నాతో వంటింట్లో ఉండిపోయారు. ఆట మొదలైంది. కొత్తగా ఎవరో పిల్లవాడు బంతి విసురుతున్నాడు, వాణ్ణి చూసేవాళ్ళెవరూ లేరు. గుండె డాక్టరు ముందు యజమానిని తిట్టాడు, తర్వాత మేనేజర్ని. అమ్మాయి ఎప్పటి చోట్లోనే, ఆయన కాళ్ళ దగ్గరే కూర్చుని ఉంది. పళ్ళెంలో పునుగులు చల్లారిపోయాయి. నేను మెట్ల మీంచి దాన్నే చూస్తున్నాను.

చివరికి పెద్దాయన నోరు విప్పారు. ఏసీ గదిలో కూర్చుని కంప్యూటర్లో నాలుగు అంకెలు చూసుకున్నారు, మనిషిని పంపేశారు, అన్నారు. ఆ నిర్ణయం తీసుకున్నవాడు ఆ ఎడమచేతివాడి ఆట ఒక్కరోజు కళ్ళారా చూసుండడు అన్నారు. "ఆ గదిలో ఒక్కడికన్నా కాళ్ళున్నాయా?" అన్నారు.

అమ్మాయి పళ్ళెం పక్కన పెట్టి లేచి నిలబడింది.

"పైకి పోతున్నవా బేటా, జర చాయ్ పట్టుకరా," అన్నాడు తమ్ముడు.

"చాయ్ కోసం లేవలేదు అంకుల్," అంది. పెద్దాయన వైపు తిరిగింది. "ఆయన్ని పంపించమని నేను చెప్పాను అంకుల్. నన్ను అడిగారు, పంపెయ్యండి అన్నాను. మిగతావాళ్ళు ఏం చెప్పారో నేను చెప్పకూడదు. నాది నేను చెప్తున్నాను."

గుండె డాక్టరు సోఫాలోంచి లేచి కూర్చుని, "అదేంటమ్మా, నువ్వు ఐటీ కదా?" అన్నాడు. ఎన్నిసార్లు చెప్పాలి డాక్టరుగారూ అని నేను మెట్ల మీంచి ఒక్క కసురు కసిరాను. మరుక్షణం నోరు మూసుకున్నాను. ఆ సమయం నాది కాదు.

పెద్దాయన రిమోట్ తీసుకుని టీవీ శబ్దం ఆపేశారు. ఎందుకు, అని ఒక్క మాట అడిగారు. నియమం ప్రకారం అడిగారు, నిలబడ్డవాళ్ళని ఎవరినైనా అడిగినట్టే.

"మోచెయ్యి దిగుతోంది అంకుల్," అంది అమ్మాయి. "మేలో స్టార్ట్ అయింది. ఆట సగం దాటాక ప్రతిసారీ. ఆఫీస్‌లో కెమెరాల్లో క్లియర్‌గా కనిపిస్తుంది, కానీ నేను ఫస్ట్ చూసింది ఇక్కడే, మీ పక్కన కూర్చుని. ఇంకా కాంట్రాక్ట్ ఇస్తే ఇక్కడ అందరూ ఆయన్ని చూసి బూ అని అరుస్తారు. అది నేను చూడలేను. అక్కడ అయితే కొంచెం కొంచెం ఆడిస్తారు, అక్టోబర్‌లో ఆడతారు. ఆయన ఒక్కసారి కూడా అక్టోబర్‌లో ఆడలేదు అంకుల్."

అక్టోబర్ అంటే గెలిచిన టీమ్‌లు మాత్రమే ఆడే నెల. మా బేస్‌మెంట్‌లో ఆ మాట ఎత్తడానికి కూడా మొహమాటపడతాం.

పెద్దాయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. "మోచెయ్యి నేనూ చూశాను," అన్నారు. చూసి ఎవరికీ చెప్పలేదన్నారు. తను చెప్పకపోతే ఎవరూ చూడరనుకున్నానన్నారు. అమ్మాయి నిలబడే ఉంది. ఆయన "కూర్చో" అనలేదు. టీవీలో ఆట మూగగా నడుస్తోంది. నా ఒళ్ళు ఉడికిపోతోంది. పిల్ల చెప్పాల్సింది చెప్పిందిగా, ఇంకా ఎందుకు నిలబెడతారు? దిగివెళ్ళి ఆ మాటే అనబోయాను. వెనక నుంచి వదినగారు నా కొంగు పట్టుకున్నారు, ఆవిడ ఎప్పుడొచ్చి నిలబడ్డారో తెలీదు.

అప్పుడు పెద్దాయన ఇంకో ప్రశ్న అడిగారు.

"అక్కడ కూర్చుని చెప్పావా తల్లీ?"

"లేదు అంకుల్," అంది. "పెద్ద టేబుల్, అందరూ కూర్చునే చెప్తున్నారు. నా టర్న్ వచ్చినప్పుడు నేను లేచాను. నీకు ఫోన్ వచ్చిందా, బయటికి వెళ్ళాలా అని మా బాస్ అడిగాడు. లేదు, మా ఇంట్లో ఇది నిలబడే చెప్తాం అన్నాను. కొంతమంది నవ్వారు. చెప్పడం అయిపోయాక కూడా నేను కూర్చోలేదు. ఎవరూ కూర్చో అనలేదు. వాళ్ళకి తెలీదు కదా అంకుల్."

ఈ సంగతి నాకు చెప్పలేదు ఆ పిల్ల. ముందురోజు అంత చెప్పి, ఇది మాత్రం చెప్పలేదు. అది ఆయనకే చెప్పాల్సిన మాట అనుకుందేమో. అంత పెద్ద ఆఫీసులో, సూట్లు వేసుకున్నవాళ్ళ మధ్య, నా కూతురు ఒక్కతే లేచి నిలబడి ఉండటం కళ్ళకి కట్టింది. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. గర్వంతో ఏడుపు వస్తుందని విన్నానే గానీ, అప్పటిదాకా నాకు రాలేదు. దాని మెడిసిన్ సీటు కోసం నేను కలలు కన్న రోజుల్లో కూడా ఇంత గొప్ప రోజు ఊహించుకోలేదు.

పెద్దాయన సోఫా చెయ్యి పట్టుకుని లేచారు. మోకాళ్ళు బాగాలేని మనిషి, లేవడానికి కొంతసేపు పట్టింది. మా ఆయన చెయ్యందించబోతే వద్దన్నారు. లేచి, దాని ఎదురుగా నిలబడ్డారు.

"నా రోజున ఆ గదిలో ఒక్కళ్ళూ లేవలేదమ్మా," అన్నారు.

తర్వాత దాని భుజం మీద చెయ్యి వేశారు. "నేనైతే ఉంచేవాణ్ణి. ఇప్పటికీ అదే అంటాను," అన్నారు. "కూర్చో తల్లీ."

అమ్మాయి కార్పెట్ మీద కూర్చోబోయింది. అక్కడ కాదన్నట్టు ఆయన సోఫా చూపించారు. గుండె డాక్టరు గబగబా జరిగి చోటిచ్చాడు. ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. మా ఆయన టీవీ శబ్దం పెంచారు. ఆయన "పోనీలే" అనకపోవడం ఆ రోజే చూశాను.

నేను వంటింట్లోకి వెళ్ళి పొయ్యి వెలిగించాను. వదినగారు పునుగులు వేస్తున్నారు, నేను కళ్ళు తుడుచుకుంటున్నాను. చూశారా వదినగారూ నా కూతుర్ని, అన్నాను. నీ కూతురేమిటి, మా కూతురు, అని ఆవిడ జల్లిగరిటె నా వైపు చూపించారు. సరే మన కూతురే అని ఒప్పుకున్నాను. అంతకంటే తగ్గేది లేదన్నాను.

ఇంతలో కింద నుంచి పెద్దాయన గొంతు ఖంగుమంది. తెచ్చుకున్న ఆ ఇద్దరు కుర్రవాళ్ళలో ఒకడికి బ్యాట్ పట్టుకోవడమే రాదని, వాడి మడమలు చూశావా అని నిలదీస్తున్నారు. అమ్మాయి అంతకంటే గట్టిగా, మడమలు కాదు అంకుల్, నడుము చూడండి అంటోంది. తమ్ముడు ఎవరి వైపు మాట్లాడాలో తెలియక ఇద్దరికీ అవునంటున్నాడు. ఆ రోజు కూడా టీమ్ ఓడిపోయింది, మామూలే. వేడి పునుగుల పళ్ళెం పట్టుకుని మళ్ళీ వెళ్ళి నా మెట్టు మీద కూర్చున్నాను. ఆట అయిపోయి, టీవీ కట్టేసి, చీకటి పడబోతున్నా వాళ్ళిద్దరూ లేవలేదు. నేనూ లేవమనలేదు.